వెయ్యి పున్నముల తరువాత

ఎనభై దాటినవారి కుంగుబాటుకు ఇళ్లలో పెట్టిన పేరు ‘వయసు’. ఆ పేరు చాటున దాగి ఉన్నది మందుకూ మాటకూ లొంగే జబ్బు.

ఎనభై ఏళ్ల పది నెలలు నిండేసరికి మనిషి వెయ్యి పున్నములు చూసినట్లవుతుందన్న లెక్కతో తెలుగు ఇళ్లలో జరిపే సహస్ర చంద్రదర్శన వేడుకనాడు వాకిట్లో షామియానా వెలుస్తుంది, పీటలమీద కూర్చున్న పెద్దల పాదాలకు మనవలు, మునిమనవలు వరుసగా మొక్కుతారు, రాలేకపోయిన కొడుకు కుటుంబం అమెరికా నుంచి వీడియో కాల్‌లోనే దీవెనలు అందుకుంటుంది. మర్నాడు షామియానా విప్పుతారు, అద్దె కుర్చీలు బండి ఎక్కుతాయి, మూడోనాటికి ఆ ఇంట్లో ఇద్దరు, చాలాచోట్ల ఒక్కరు మిగులుతారు. ఆ తరువాతి రోజులు అనేక ఇళ్లలో ఒకే తీరున గడుస్తాయి: తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి మళ్లీ కన్ను అంటుకోదు, పొద్దుటి కాఫీ చల్లారి మీగడ కడుతుంది, ఇన్నేళ్లూ అక్షరం వదలకుండా చదివిన పత్రిక మడత విప్పకుండానే అరుగుమీద పడి ఉంటుంది, ‘ఏమైంది?’ అని అడిగితే ‘ఏమీ లేదు, ఒళ్లంతా నొప్పులు’ అన్న జవాబే వస్తుంది. ‘ఈ వయసులో ఇంతే కదా’ అని ఇంట్లోవారు సరిపెట్టుకుంటారు.

అలా సరిపెట్టుకోవటం తప్పు. వైద్యశాస్త్రం డిప్రెషన్ అనీ, తెలుగు పత్రికలు కుంగుబాటు అనీ పిలిచే ఈ జబ్బులో మనసు దిగులుగా ఉండటం, ఇంతకుముందు ఇష్టమైన పనులమీద ఆసక్తి పోవటం అనే రెండింటిలో కనీసం ఒకటి రెండు వారాలకు తక్కువ కాకుండా దాదాపు ప్రతిరోజూ కనిపించాలి. వాటితోపాటు నిద్ర, ఆకలి, ఏకాగ్రత, ఒంటి సత్తువ దెబ్బతినటం, తాను ఎందుకూ కొరగాననీ అందరికీ భారమయ్యాననీ అనిపించటం, చావును గురించిన తలపులు రావటం వంటివాటిలో కొన్ని చేరాలి. ఈ నిర్వచనంలో ముసలితనానికి మినహాయింపు ఎక్కడా లేదు. ఇరవై ఏళ్ల విద్యార్థిలో ఈ లక్షణాలు కనిపిస్తే ఇంటిల్లిపాదీ కంగారుపడి డాక్టరు దగ్గరకు తీసుకువెళతారు. ఎనభై ఆరేళ్ల నాయనమ్మలో కనిపిస్తే అదే కుటుంబం ఆమె మంచానికి దగ్గరగా ఒక మంచినీళ్ల చెంబు పెట్టి ఊరుకుంటుంది.

సమాజం ముసలిదవుతోందన్న చర్చ ఇప్పుడు తెలుగు రాష్ట్రాల రాజకీయాలలోకీ వచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య ఆంధ్రప్రదేశ్‌లో 1.7కు, తెలంగాణలో 1.8కి తగ్గింది, ఇద్దరికంటే ఎక్కువమంది పిల్లలున్నవారు స్థానిక సంస్థల ఎన్నికలలో పోటీ చేయరాదన్న పాత నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో ఎత్తివేసింది. పుట్టబోయేవారి సంఖ్య గురించి జరిగినంత చర్చ, ఇప్పటికే పుట్టి, పెరిగి, పెంచి, అలసినవారి మనసుల గురించి జరగలేదు.

పది రెట్ల తేడా

2011 జనగణన ప్రకారం దేశంలో అరవై దాటినవారు సుమారు 10.4 కోట్ల మంది కాగా, వారిలో ఎనభై దాటినవారే కోటికి పైగా ఉన్నారు. వీరి ఆరోగ్యం గురించి ఇంతవరకు దేశంలో జరిగిన పరిశీలనలలో పెద్దదైన లాసీ, అంటే భారత దీర్ఘకాలిక వృద్ధాప్య అధ్యయనం, తొలి విడతగా 2017-18లో 45 ఏళ్లు దాటినవారిని, వారి జీవిత భాగస్వాములను కలిపి 72 వేల మందికి పైగా వ్యక్తులను కలిసింది. ముంబయిలోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ నడిపిన ఈ అధ్యయనంలో, నిర్ణీత ప్రశ్నావళి ప్రకారం చూసినప్పుడు అరవై దాటినవారిలో 8.3 శాతం మందికి తీవ్రమైన కుంగుబాటు ఉండే అవకాశం ఉన్నట్లు తేలింది. అదే అధ్యయనంలో ‘మీకు ఈ జబ్బు ఉందని డాక్టరు ఎప్పుడైనా చెప్పారా?’ అని అడిగినప్పుడు అవునన్నవారు 0.8 శాతం మంది మాత్రమే. ఈ రెండు అంకెల నడుమనున్న పది రెట్ల తేడాయే ఈ సమస్యకు అసలైన కొలత. రక్తపోటుకూ మధుమేహానికీ ఊరూరా పరీక్షలు జరుగుతున్న కాలంలో ఇంత పెద్ద జబ్బు ఇంతమందిలో ఎవరి కంటా పడకుండా ఉండిపోవటం చిన్న విషయం కాదు.

ఎనభై దాటిన వయసును ప్రత్యేకంగా గమనించిన పరిశీలనలలో నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో జరిగినది ఎన్నదగినది. 1997 నుంచి 1999 వరకు ఆ ఊళ్లో 85 ఏళ్లు నిండినవారందరినీ పరిశోధకులు ఆహ్వానించగా 599 మంది అంగీకరించారు. మతి మరీ క్షీణించినవారిని మినహాయించి తక్కినవారిని పరీక్షించినప్పుడు సుమారు 15 శాతం మందిలో కుంగుబాటు లక్షణాలు కనిపించాయి. వారిలో నాలుగోవంతు మందిని మాత్రమే వారి సొంత కుటుంబ వైద్యులు గుర్తించగలిగారు. ప్రతి పౌరునికీ పేరు తెలిసిన ఒక డాక్టరు ఉండే దేశంలోనే పరిస్థితి అలా ఉంది. అయితే ఈ లెక్కను రెండో వైపు నుంచి చూడటం అంతకంటే అవసరం: ఆ 85 ఏళ్లవారిలో నూటికి ఎనభై అయిదుగురు కుంగిపోలేదు. కళ్లు మసకబారి, కీళ్లు అరిగి, తోడబుట్టినవారిని సాగనంపిన తరువాత కూడా వారు కుంగిపోలేదు. వయసే కారణమైతే ఆ అంకె అలా ఉండేది కాదు.

బెంగ, దిగులు, మనాది

ఈ బాధకు తెలుగులో మాటలు లేక కాదు. కోస్తా, రాయలసీమ ఇళ్లలో దాన్ని బెంగ అంటారు, దిగులు అంటారు. తెలంగాణలో మనాది అంటారు. భార్య పోయిన ఏడాదిలోపే కన్నుమూసిన పెద్దాయన గురించి ‘బెంగ పెట్టుకుని పోయాడు’ అని ఊరంతా చెప్పుకుంటుంది. కొడుకు దూరమైన తల్లి ‘మనాదితోని మంచం పట్టింది’ అని వాడకట్టు చెప్పుకుంటుంది. మనోవేదన ఒంటిని తినేస్తుందన్న సత్యం ఈ పలుకుబడులలో స్పష్టంగా ఉంది. లైడెన్ పరిశోధకులు అదే వృద్ధులను ఏళ్ల తరబడి గమనించి 2005లో ప్రకటించిన ఫలితం ఈ జనవాక్యానికి చాలా దగ్గరగా ఉంది: కుంగుబాటు ఒక్కటే గాని, ఒంటరితనపు భావన ఒక్కటే గాని మరణాల రేటును చెప్పుకోదగినంతగా పెంచలేదు, రెండూ కలిసినవారిలో మాత్రం మరణించే ముప్పు రెండు రెట్లకు పైగా పెరిగింది.

లోపం మాటలలో లేదు, ఆ మాటల తరువాత జరగవలసినదానిలో ఉంది. జ్వరం అన్న మాట వినగానే మందు గుర్తుకు వస్తుంది. బెంగ అన్న మాట వింటే నిట్టూర్పు వస్తుంది. అందుకే వృద్ధులు కూడా ఆ మాటను డాక్టరు ముందు వాడరు. మోకాళ్ల నొప్పి, కడుపుబ్బరం, మలబద్ధకం, గుండెదడ, నీరసం అని చెబుతారు. వాటికి పరీక్షలు జరుగుతాయి, ఫలితాలు మామూలుగా వస్తాయి, బి-కాంప్లెక్సు మాత్రలతో ఇంటికి చేరతారు. ఈ చిక్కును ఎరిగే 1980ల తొలి ఏళ్లలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో యెసవేజ్, ఆయన సహచరులు వృద్ధుల కోసమే ఒక కుంగుబాటు కొలమానాన్ని తయారుచేశారు. మొదట ముప్పై, 1986 నుంచి పదిహేను ప్రశ్నలుగా వాడుకలో ఉన్న ఆ కొలమానంలో అన్నిటికీ అవును, కాదు అని చెబితే చాలు. నిద్ర, ఆకలి, నొప్పుల గురించిన ప్రశ్నలను దానిలోంచి కావాలనే తీసివేశారు, ఎందుకంటే ఆ వయసులో వాటి తేడాలు వేరే జబ్బుల వల్ల కూడా వస్తాయి కనుక వాటినిబట్టి మనసును అంచనా వేయటం కష్టం.

వైరాగ్యమా, జబ్బా?

తెలుగు ఇళ్లలో ఈ జబ్బుకు మరొక గట్టి ముసుగు ఉంది. ‘ఇంక చాలు, ఆ భగవంతుడు పిలిస్తే వెళ్లిపోవటమే’ అన్న మాట పెద్దల నోట వినిపించినప్పుడు పిల్లలు దాన్ని పరిణతిగా, వైరాగ్యంగా గౌరవిస్తారు. వానప్రస్థాన్ని జీవితంలో ఒక దశగా చెప్పిన సంస్కృతిలో అది సహజమే. నిజమైన వైరాగ్యం గలవారు ఉన్నారు, వారికి మందులు అక్కరలేదు. అయితే ఆ రెండింటినీ విడదీసి చూడటం మరీ కష్టమైన పని కాదు. కోరికలు తగ్గించుకున్నవారికి మునిమనవడి నవ్వు ఇంకా ఆనందాన్నిస్తుంది, వానాకాలపు తొలి జల్లు వాసన తెలుస్తుంది, వచ్చినవారిని ‘భోజనం చేసి వెళ్లండి’ అని అడగాలనిపిస్తుంది. కుంగిపోయినవారికి ఇవేవీ తాకవు. మొదటివారు చావుకు సిద్ధంగా ఉంటూనే ఆ రోజును ఆ రోజుగా జీవిస్తారు, రెండోవారికి ఆ రోజును గడపటమే భారం. పూజ మానేసిన భక్తురాలిని, అన్నం ముందు తల తిప్పుకున్న భోజనప్రియుణ్ణి వైరాగ్యం పేరుతో వదిలేయటం కనికరం అనిపించుకోదు.

ఈ పొరపాటుకు చెల్లించే మూల్యం చాలా ఎక్కువ. ప్రపంచంలోని దాదాపు అన్ని ప్రాంతాలలోనూ ఆత్మహత్యల రేటు డెబ్బై దాటినవారిలోనే అత్యధికమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014 నివేదికలో తెలిపింది. నోరు తెరిచి ఏమీ చెప్పకుండా, తిండీ మందులూ కొంచెం కొంచెంగా మానుకుంటూ క్షీణించిపోయేవారు ఏ లెక్కలోకీ రారు.

---

◆ మతిమరుపు వెనక ఏముంది?

ఎనభై దాటినవారు పేర్లు మరిచిపోతూ, అడిగినదానికి ఆలస్యంగా బదులిస్తూ, మూలన కూర్చుండిపోతే చాలామంది దాన్ని డిమెన్షియా, అంటే మతిక్షీణత, అనుకుంటారు. కుంగుబాటు కూడా అచ్చంగా అలాగే కనిపించగలదు. దీనికి 1961లోనే కైలో అనే మనోవైద్యుడు సూడోడిమెన్షియా, అంటే మతిక్షీణతలా కనిపించే వేరే స్థితి, అన్న పేరును ప్రచారంలోకి తెచ్చారు. మతిక్షీణత ఉన్నవారు తరచుగా తమ మరుపును కప్పిపుచ్చుకోవాలని చూస్తారు, కుంగినవారు ‘నాకేమీ గుర్తుండటం లేదు’ అని తామే వాపోతారు, ప్రయత్నించకుండానే ‘తెలియదు’ అనేస్తారు. రెండూ ఒకే మనిషిలో ఉండటం కూడా మామూలే. మతిక్షీణత ఉన్నవారిలో కుంగుబాటును పసిగట్టేందుకు 1988లో రూపొందిన కార్నెల్ కొలమానం రోగిని మాత్రమే కాక, రోజూ కనిపెట్టుకుని ఉండేవారిని కూడా ప్రశ్నిస్తుంది.

---

ఒంటిలోని కారణాలు, ఇంటిలోని కారణాలు

ముదిమిలో మొదటిసారి వచ్చే కుంగుబాటు వెనక తరచుగా శరీరం కూడా ఉంటుంది. పక్షవాతం వచ్చినవారిలో సుమారు మూడోవంతు మంది కుంగుబాటుకు లోనవుతారు. పార్కిన్సన్ జబ్బు, థైరాయిడ్ మందగించటం, బి12 విటమిన్ లోపం, కొన్ని మందులు కూడా మనసును కుంగదీస్తాయి. ఏళ్ల తరబడి రక్తపోటు, మధుమేహం ఉన్నవారి మెదడులోని సన్నని రక్తనాళాలు దెబ్బతినటం వల్ల కూడా ఇది రావచ్చునని 1997లో అలెక్సోపొలోస్ బృందం ప్రతిపాదించింది. చెవుడు సంగతి వేరుగా చెప్పవలసినది: వినపడనివారు నలుగురి మధ్య కూర్చున్నా ఒంటరులే, పదేపదే ‘ఏమిటీ?’ అని అడిగి విసుగు చూపులు చూడవలసివచ్చినప్పుడు మాట్లాడటమే మానేస్తారు. కళ్లకు శుక్లాల ఆపరేషను చేయించినంత శ్రద్ధగా చెవి పరీక్ష చేయించే కుటుంబాలు అరుదు.

ఇంటిలోని కారణాలలో వంతుల పద్ధతి ఒకటి. ఆస్తి పంచుకున్న కొడుకులు తల్లిదండ్రులను కూడా నెలల లెక్కన పంచుకోవటం, ఒక నెల పెద్దవాడి ఇంట, మరో నెల చిన్నవాడి ఇంట అని తిప్పటం తెలుగు పల్లెల్లో, పట్టణాల్లో అందరికీ తెలిసిన ఏర్పాటు. ఎవరిమీదా పూర్తి భారం పడకుండా చేసుకున్న ఒప్పందంగా అది న్యాయంగానే కనిపిస్తుంది. కాని ఎనభై మూడేళ్ల మనిషికి నెలనెలా మంచం మారుతుంది, స్నానాలగది మారుతుంది, రాత్రిపూట లేచినప్పుడు తడుముకోవలసిన గోడ మారుతుంది, ఎక్కడా తనది అనదగిన ఒక మేకు, దానికి తగిలించుకోవటానికి ఒక సంచి మిగలవు. నెలాఖరు దగ్గరపడేకొద్దీ ‘ఎప్పుడు బయలుదేరతారు?’ అని ఎవరూ అడగకపోయినా ఆ ప్రశ్న గదిలో ఉంటుంది. ఇంతకంటే కఠినమైనది, తండ్రి ఒకరి వంతుకు, తల్లి మరొకరి వంతుకు రావటం. అరవై ఏళ్లు కలిసి బతికిన ఇద్దరిని, ఒకరి దగ్గు విని రెండోవారు వేడినీళ్లు పెట్టే దశలో, రెండు ఊళ్లకు పంపించే ఈ ఏర్పాటును ఏ వాదనతోనూ సమర్థించలేము. మందుల చీటీ రాసే ముందు డాక్టరు విప్పవలసిన మొదటి ముడి ఇదే కావచ్చు.

అధికారం చేజారటం మరొకటి. మొలలో తాళాల గుత్తితో ఇల్లు నడిపిన గృహిణి ఒకనాడు ఆ గుత్తిని కోడలికి అప్పగిస్తుంది, పొలం గట్టున నిలబడి పాతికమంది చేత పని చేయించిన రైతు పాసుపుస్తకాన్ని కొడుకు పేరుకు మారుస్తాడు. బాధ్యత దించుకోవటం వేరు, ఏ విషయంలోనూ తన మాట అడగకపోవటం వేరు. వృద్ధులు మొదటిదానికి ఊరట పొందుతారు, రెండోదానికి కుంగుతారు. పిల్లలు విదేశాలలో ఉన్న ఇళ్లలో డబ్బుకు, మందులకు, హోమ్ నర్సుకు లోటు ఉండదు గాని మాటకు లోటు ఉంటుంది. రోజుకు రెండుసార్లు వచ్చే ఫోనులో ‘తిన్నారా, మందులు వేసుకున్నారా, బీపీ ఎంత ఉంది?’ అన్న ప్రశ్నలే ఉన్నప్పుడు ఆ సంభాషణ ఆస్పత్రి చార్టును పోలి ఉంటుంది.

తగ్గుతుంది, అయితే ఓపిక కావాలి

ముదిమిలో వచ్చే కుంగుబాటు చికిత్సకు లొంగదన్నది అపోహ. అమెరికాలోని అయిదు రాష్ట్రాలలో అరవై దాటిన 1,801 మందితో జరిగి 2002లో వెలువడిన ఇంపాక్ట్ పరిశీలనలో, మామూలు డాక్టరుకు తోడుగా ఒక నర్సు గాని సైకాలజిస్టు గాని క్రమం తప్పకుండా రోగిని పలకరిస్తూ, మందు పనిచేస్తున్నదో లేదో చూస్తూ ఉన్నప్పుడు ఏడాదికి 45 శాతం మందిలో లక్షణాలు సగానికి తగ్గాయి. అటువంటి తోడు లేనివారిలో ఆ మేలు 19 శాతం మందికే కలిగింది. మనకు మరింత దగ్గరైన ఉదాహరణ గోవాలో ఉంది. అరవై దాటి, కుంగుబాటు అంచున ఉన్న 181 మందిలో సగంమందికి, మనోవైద్యులు కాని మామూలు కార్యకర్తలు శిక్షణ పొంది, ఇంటికి వెళ్లి, రోజువారీ చిక్కులను ఒక్కొక్కటిగా విప్పుకోవటం, నిద్రను సరిచేసుకోవటం నేర్పారు, రావలసిన ప్రభుత్వ సాయం అందేలా చూశారు. 2019లో వెలువడిన ఫలితాల ప్రకారం ఏడాదిలో అసలైన కుంగుబాటు బారిన పడినవారు ఈ బృందంలో 4.4 శాతం కాగా, మిగతా సగంమందిలో 14.4 శాతం. గోవా కార్యకర్తలు చేసిన పనిని ఏ మండలంలోనైనా చేయవచ్చు.

మందుల విషయంలో ఎనభై దాటినవారికి జాగ్రత్తలు వేరు. మోతాదు తక్కువలో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతారు; ఎక్కువగా వాడే రకం మందులు కొందరు వృద్ధులలో రక్తంలోని సోడియాన్ని తగ్గిస్తాయి కనుక ఆ పరీక్ష చేయిస్తారు. గుణం కనిపించటానికి ఆరు వారాలు, కొందరిలో ఇంకా ఎక్కువ పడుతుంది. పదిరోజులు వాడి ‘ఏమీ లాభం లేదు’ అని మానేయటంతోనే చాలా చికిత్సలు ముగిసిపోతున్నాయి. దీనికి బదులుగా అనేక ఇళ్లలో కనిపించేది నిద్రమాత్ర. అల్‌ప్రజోలం వంటి మాత్రలు కుంగుబాటును నయం చేయవు, అలవాటుగా మారతాయి, రాత్రివేళ తూలి పడి తుంటి ఎముక విరిగే ముప్పును పెంచుతాయి. పూర్తిగా తిండి మానేసిన స్థితిలో మనోవైద్యులు ఇచ్చే విద్యుత్ చికిత్స సినిమాలలో చూపించినట్లు శిక్ష కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మత్తుమందు, కండరాలను సడలించే మందు ఇవ్వకుండా దాన్ని చేయటాన్ని నిషేధించింది, వృద్ధులలో అది ప్రాణం నిలిపిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి.

---

◆ ఫోను దూరంలో

14416: టెలీ మానస్. 2022 అక్టోబరు 10న మొదలైన ఉచిత మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం. తెలుగులోనూ, రాత్రింబవళ్లూ మాట్లాడవచ్చు. ‘బతకాలని లేదు’ అన్న మాట ఇంట్లో వినిపిస్తే ఆలస్యం చేయకుండా చేయవలసిన ఫోను ఇది.

14567: ఎల్డర్ లైన్. వయోవృద్ధుల సమస్యలకు ఏర్పాటైన జాతీయ సహాయ సంఖ్య. 2017లో హైదరాబాదులో చిన్నగా మొదలైన ప్రయత్నం 2021లో దేశమంతటికీ విస్తరించింది.

---

ఒకటో తారీఖు తలుపు తట్టేవారు

ప్రభుత్వాలు ఏమీ చేయటం లేదని అనటం సరికాదు. 2024 అక్టోబరు 29 నుంచి డెబ్బై దాటిన ప్రతివారికీ ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్యం అందే ఏర్పాటు వచ్చింది. కాని అది ఆస్పత్రిలో చేరినవారికి వర్తించేది, కుంగుబాటు రోగులలో అత్యధికులకు కావలసినది ఇంటి నుంచి వచ్చి చూపించుకుని మందులు తీసుకువెళ్లే వైద్యం. వృద్ధుల ఆరోగ్యానికి 2010-11లో మొదలైన జాతీయ కార్యక్రమం ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో వారం వారం వృద్ధుల క్లినిక్ నడపాలని చెబుతుంది. మంచం దిగలేనివారు అక్కడిదాకా రాలేరు.

వారి దగ్గరకే వెళ్లే మనిషి ఒకరు ఇప్పటికే ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 4,000 రూపాయల వృద్ధాప్య పింఛనును ప్రతి నెలా ఒకటో తారీఖున సచివాలయ ఉద్యోగి ఇంటి గుమ్మంలోనే అందిస్తున్నారు. తెలంగాణ పల్లెల్లో ఆశా కార్యకర్తకు ఏ ఇంట్లో ఏ ముసలమ్మ మంచంమీద ఉన్నదో తెలుసు. మానసిక ఆరోగ్య నిపుణులు ప్రపంచమంతటా వాడే ప్రాథమిక ప్రశ్నలు రెండే: గడచిన రెండు వారాలలో దేనిమీదా ఆసక్తి లేకుండా పోయిందా? మనసు దిగులుగా, ఆశ లేనట్లుగా ఉంటోందా? ఈ ప్రశ్నలతో జబ్బు నిర్ధారణ కాదు, అవునన్న జవాబు వస్తే డాక్టరుకు చూపించాలని మాత్రం తెలుస్తుంది. పింఛను చేతిలో పెట్టి సంతకమో వేలిముద్రో తీసుకున్న తరువాత గాని, ఇంటికి వెళ్లి పలకరించినప్పుడు గాని ఈ రెండూ అడిగి, జవాబును ఏఎన్ఎంకు చేరవేసే బాధ్యతను రెండు ప్రభుత్వాలూ తమ సిబ్బందికి, తగిన శిక్షణతో, అప్పగించాలి.

పింఛను అందని ఇళ్లలో, ఎవరూ తలుపు తట్టని అపార్ట్‌మెంట్లలో ఆ బాధ్యత పిల్లలదీ ఇరుగుపొరుగుదీ. ఈ ఆదివారం ఇంట్లోని పెద్దలకు ఫోను చేసేవారు బీపీ ఎంతని అడిగిన తరువాత ఆ రెండు ప్రశ్నలు కూడా అడగండి, జవాబు పూర్తయ్యేదాకా ఫోను పెట్టేయకండి.